ఇద్దరినీ ఒకే ఫోటోలో పట్టాలంటే

కిందటి సంక్రాంతికి కొత్త లెన్సు పట్టుకుని ఊరెళ్లాను. 50 ఎంఎం, ఎఫ్ 1.8. వెనకంతా వెన్నలా కరిగిపోయే ఫోటోలు వస్తాయని ఎవరో చెబితే కొన్నాను. మా అక్క పిల్లలిద్దరినీ పెరట్లో నిలబెట్టి పాతిక ఫోటోలు తీశాను. మేనకోడలికి 11 ఏళ్లు, మేనల్లుడికి 5. కెమెరా వెనక ఉండే చిన్న స్క్రీన్ మీద అన్నీ బ్రహ్మాండంగా కనిపించాయి. రాత్రి ల్యాప్‌టాప్‌లో పెద్దగా చేసి చూస్తే, పెద్దదాని కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. చిన్నవాడు మాత్రం భోగి పొగలో నిలబడినట్టున్నాడు. ఒక్క ఫోటోలో కాదు, పాతికలో పద్దెనిమిదింట్లో. పక్కనే కూచుని చూస్తున్న వాడు ఒక్క ముక్క అడిగాడు: "మామయ్యా, నన్నెందుకు మసకగా తీశావు?"

ఎపర్చర్ (లెన్సు కన్ను తెరుచుకునే మేర), ఫోకస్ అంటూ దానికి జవాబు చెప్పొచ్చు. కానీ వాడు అడిగింది అది కాదు. అక్కని బాగా తీసి నన్నెందుకు తీయలేదని అడిగాడు. అప్పటికి నాకు తట్టని విషయం అదే. ఒక్క మనిషి ఫోటోలో ఫోకస్ తప్పితే అది ఫోకస్ తప్పడమే. అక్కాతమ్ముళ్ల ఫోటోలో అదే తప్పు పక్షపాతంలా కనబడుతుంది. ఎవరి మీద వెలుగు పడింది, ఎవరు పెద్దగా కనిపిస్తున్నారు, ఎవరు మధ్యలో ఉన్నారు, ఎవరి చెయ్యి తెగిపోయింది, ఇవన్నీ పిల్లలు చూస్తారు. అమ్మమ్మలు ఇంకా నిశితంగా చూస్తారు. కాబట్టి తోబుట్టువుల ఫోటో అంటే రెండు పోర్ట్రెయిట్లు పక్కపక్కన పెట్టడం కాదు. రెండు మొహాలకీ ఒకే క్షణంలో న్యాయం జరగాలి. చిక్కంతా అక్కడే ఉంది, ఆ చిక్కులో చాలా భాగం ఆరుబయట వెలుగుకీ లెన్సు లెక్కలకీ సంబంధించినది.

జానెడు లోతు

ముందు ఆ మసక సంగతి తేల్చేద్దాం. లెన్సు ఒక దూరం మీద ఫోకస్ అయినప్పుడు దానికి ముందూ వెనకా కొంత మేర మాత్రమే కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఈ మేరనే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. ఎఫ్ పక్కనున్న సంఖ్య చిన్నదయ్యే కొద్దీ లెన్సు కన్ను పెద్దగా తెరుచుకుంటుంది, ఈ మేర తగ్గుతుంది. పిల్లలకు దగ్గరగా జరిగితే ఇంకా తగ్గుతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనే కెమెరాల్లో ఎక్కువగా ఏపీఎస్-సీ సెన్సార్ (వెలుగుని పట్టే చిప్పుల్లో ఒక మధ్యరకం సైజు) ఉంటుంది. దాని మీద 50 ఎంఎం లెన్సు పెట్టి, రెండున్నర మీటర్ల దూరం నుంచి ఎఫ్ 1.8తో తీస్తే స్పష్టంగా వచ్చే మేర సుమారు 17 సెంటీమీటర్లు. అంటే జానెడు కూడా కాదు. అందులో సగం ఫోకస్ అయిన చోటికి ముందు, సగం వెనక. మూడింట ఒక వంతు ముందు, రెండు వంతులు వెనక అని ఒక సూత్రం తిరుగుతూ ఉంటుంది కానీ, పోర్ట్రెయిట్ తీసేంత దగ్గర దూరాల్లో అది నిజం కాదు, ఇంచుమించు చెరి సగమే. అక్క కన్ను మీద ఫోకస్ పెట్టాననుకోండి. తమ్ముడు ఆమెకు బెత్తెడు వెనక నిలబడితే చాలు, వాడు హద్దు దాటేసినట్టే.

అదే చోటు నుంచి ఎఫ్ 4కి మారిస్తే ఆ మేర 38 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దాదాపు మూరెడు. ఒక మీటరు వెనక్కి జరిగి ఎఫ్ 4తోనే తీస్తే ముప్పాతిక మీటరు వస్తుంది. అప్పుడు చిన్నవాడు కాస్త కదిలినా కొంప మునగదు. వెనకున్న చెట్లు అంతగా కరగవు కదా అని బాధ పడక్కర్లేదు. పిల్లల్ని వెనక గోడ నుంచో చెట్టు నుంచో నాలుగైదు మీటర్లు ముందుకు తెస్తే ఎఫ్ 4లోనూ చక్కగా మసకబారుతుంది. నేర్చుకునేవాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది పిల్లల్ని గోడకు ఆనించి నిలబెట్టి, గోడ మసకబారలేదని లెన్సుని తిట్టుకుంటారు. ఆ తొమ్మిదిమందిలో నేనూ ఉన్నాను.

ఎఫ్ 4కి వెళ్లడం ఉచితం కాదు. ఎఫ్ 1.8తో పోలిస్తే లోపలికి వచ్చే వెలుగు అయిదో వంతుకు పడిపోతుంది. పొద్దున తొమ్మిదింటికి ఇది లెక్కలోది కాదు, సాయంత్రం ఆరింటికి చాలా పెద్ద విషయం. ఆ లోటు షట్టర్ స్పీడు తగ్గించి, అంటే వెలుగుకి ఇంకాస్త సేపు తలుపు తెరిచి, పూడ్చుకుందామంటే పిల్లలు కదలకుండా ఊరుకోరు. నిలబడి ఉన్న పిల్లలక్కూడా సెకనులో 250వ వంతు కావాలి, పరుగులు పెట్టేవాళ్లకు 500వ వంతో 1000వ వంతో కావాలి. మిగిలింది ఐఎస్ఓ పెంచడమే, అంటే అందిన వెలుగునే కెమెరా చేత హెచ్చించి చూపించడం. ఐఎస్ఓ పెంచితే ఫోటో గరుగ్గా వస్తుందని కొత్తవాళ్లు హడలిపోతారు. ఇప్పటి కెమెరాల్లో 1600 దాకా వెళ్లినా ఇంట్లో గోడకు తగిలించే ఫోటోకి ఏమీ కాదు. గరుకు ఫోటోని క్షమిస్తారు, కదిలిపోయిన మొహాన్ని ఎవరూ క్షమించరు.

ఇంకో రకం మసక కూడా ఉంది, ఇది మరీ చిరాకు పెడుతుంది. పిల్లలిద్దరూ పక్కపక్కన నిలబడతారు. మనం ఫ్రేము మధ్యలో ఫోకస్ పాయింటు పెట్టి నొక్కుతాం. మధ్యలో ఎవరూ లేరు, ఖాళీ ఉంది. కెమెరా ఆ ఖాళీలోంచి దూరి వెనకున్న గడ్డివాము మీద ఫోకస్ చేస్తుంది. ఇద్దరూ మసక, గడ్డివాము మాత్రం పరకపరకా కనిపిస్తుంది. ఈ మధ్య వచ్చిన కెమెరాలు కళ్లను గుర్తుపట్టి వాటంతట అవే ఫోకస్ చేస్తాయి. అయితే ఇద్దరిలో ఎవరి కన్ను అన్నది చాలాసార్లు అవే నిర్ణయించేసుకుంటాయి. పాత కెమెరా అయితే ఒకే పాయింటు ఎంచుకుని, ముందున్నవాళ్ల కంటి మీద మీరే పెట్టండి.

ఈ లెక్కలేవీ గుర్తుపెట్టుకోకుండా తప్పించుకునే దారి ఒకటుంది. ఇద్దరి మొహాలూ కెమెరాకి సమాన దూరంలో ఉంచడం. "ఒకే గీత మీద నిలబడండి" అంటే పిల్లలు సైనికుల్లా బిగుసుకుపోతారు. ఆ మాట అనకుండా ఆ పని చేయించాలి. తలకు తల ఆనించమనండి, రెండు మొహాలూ వాటంతట అవే ఒక దూరానికి వస్తాయి. చెమ్మచెక్క ఆడమనండి. ఎదురెదురుగా నిలబడి చేతులు కొట్టుకుంటారు, మీరు పక్క నుంచి తీస్తారు, ఇద్దరూ ఒకే దూరంలో ఉంటారు. కాళ్లాగజ్జా ఆడడానికి కాళ్లు చాపుకుని పక్కపక్కన కూచుంటే ఇంకా మేలు, లేచి పారిపోవడానికి కొంత టైం పడుతుంది. ఒప్పులకుప్ప మాత్రం కష్టం. గిర్రున తిరుగుతుంటే ఒకరు ముందుకొస్తారు, ఒకరు వెనక్కెళతారు. అయినా నాకిష్టం. అందులో ఎఫ్ 5.6, సెకనులో 500వ వంతు పెట్టి వరసగా నొక్కుతూ పోవడమే.

ఫోనుతో తీసేవాళ్లకు ఇదే సమస్య వేరే వేషంలో వస్తుంది. ఫోను లెన్సు చిన్నది కాబట్టి మామూలుగా అన్నీ స్పష్టంగానే వస్తాయి. పోర్ట్రెయిట్ మోడ్ వెనకభాగాన్ని లెక్కగట్టి మసకబారుస్తుంది. ఆ లెక్కలో ఒక్కోసారి వెనకున్న చిన్నవాణ్ణి కూడా వెనకభాగం కిందే జమకట్టేస్తుంది. రెండు జడల మధ్య ఖాళీ, నడుం మీద పెట్టుకున్న చెయ్యికీ ఒంటికీ మధ్య సందు, ఇలాంటి చోట్ల తడబడుతుంది. ఇద్దరు పిల్లలకైతే ఆ మోడ్ మానేసి, మామూలుగా తీసి, 2ఎక్స్ నొక్కి, నాలుగడుగులు వెనక్కి జరగమంటాను. వెనక్కి జరగడానికి ఇంకో కారణం ఉంది. మీటరు దూరంలో ఒకరు, మీటరున్నరలో ఇంకొకరు ఉంటే ముందున్న తల వెనకదానికి ఒకటిన్నర రెట్లు కనిపిస్తుంది. అదే మూడు మీటర్లు, మూడున్నర మీటర్లు అయితే తేడా ఆరో వంతే. ఫోనుని మొహాల మీదకు తెచ్చి తీసిన ఫోటోల్లో ఒకరి తల గుమ్మడికాయలా, ఇంకొకరిది నిమ్మకాయలా రావడానికి కారణం ఈ దూరమే. కిట్ లెన్సు (కెమెరాతో పాటు వచ్చే 18-55 ఎంఎం జూమ్) ఉన్నవాళ్లు కూడా 18 దగ్గర కాకుండా 55 దగ్గర పెట్టి, వెనక్కి నడవండి.

నీరెండ ఎంతసేపుంటుంది

మా ఇంట్లో ఒక పాత ఫోటో ఉంది. అందులో అక్కా నేనూ వాకిట్లో నిలబడి కళ్లు చికిలించుకుని, ఏదో కారం తిన్నట్టు మొహాలు పెట్టుకుని ఉంటాం. నాన్న స్నేహితుడు అగ్ఫా క్లిక్‌తో తీశాడు. రోలుకి 12 ఫోటోలు. సూర్యుడు ఎప్పుడూ ఫోటో తీసేవాడి వీపు వెనకే ఉండాలని ఆయన నియమం. ఆ రోజుల్లో అందులో తప్పు లేదు. ఫిల్ముకి వేగం తక్కువ, డబ్బా కెమెరాకి మార్చుకునే ఏర్పాట్లు తక్కువ, ఎండ దండిగా మొహం మీద పడితేనే ఫోటో పడేది. ఇప్పటి కెమెరాకి ఆ అవసరం లేదు, అలవాటు మాత్రం మిగిలింది. ఇప్పటికీ పిల్లల్ని తెచ్చి ఎదురెండలో నిలబెట్టి "కళ్లు తెరవరా" అని కసురుతాం.

ఎండ రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. నడినెత్తిన ఉంటే కళ్ల గుంతల్లో నీడలు పడతాయి. మే 9 ప్రాంతంలో హైదరాబాదులో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిలువు కర్రకి నీడే ఉండదు. ఆ పూట ఆరుబయట పిల్లల ఫోటో తీయబోవడం వాళ్లకీ మనకీ శిక్ష. సంక్రాంతి రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 51 డిగ్రీల ఎత్తుకు మించడు, కాబట్టి పదింటి దాకా, మళ్లీ మూడున్నర తర్వాత ఫరవాలేదు. రెండో ఇబ్బంది వాలు ఎండది. సూర్యుడు పక్కన ఉంటే పెద్దదాని నీడ వెళ్లి చిన్నవాడి మొహం మీద పడుతుంది. ఒక్క మనిషిని తీసేటప్పుడు ఈ సమస్యే ఉండదు, అందుకే ఏ పాఠంలోనూ గట్టిగా చెప్పరు. పొట్టివాణ్ణి ఎండ వచ్చే వైపు నిలబెడితే తీరిపోతుంది.

గోల్డెన్ అవర్ అని అందరూ చెప్పే ఆ బంగారు వెలుగుకి మనకు చక్కటి మాట ఉంది, నీరెండ. కాకపోతే ఒక హెచ్చరిక. ఇంగ్లిషు వీడియోలు చూసి మనకూ గంటసేపు దొరుకుతుందనుకోకండి. జూన్‌లో లండన్‌లో సూర్యుడు ఏటవాలుగా జారుతూ దిగుతాడు. ఆఖరి 6 డిగ్రీలు దిగడానికి దాదాపు 50 నిమిషాలు పడుతుంది. హైదరాబాదులోనో రాజమండ్రిలోనో సూర్యుడి దారి చాలా నిటారుగా ఉంటుంది. అదే 6 డిగ్రీలు 25 నుంచి 28 నిమిషాల్లో అయిపోతాయి. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఈ వ్యవధి పెరుగుతుంది, ఇక్కడికి సెలవులకు వచ్చి అదే అలవాటులో ఆరింటికి తయారవడం మొదలుపెడితే చీకటి పడిపోతుంది. హైదరాబాదులో సంక్రాంతికి ఆరింటికల్లా పొద్దు గుంకుతుంది, జూన్ నెలాఖరుకి ఏడు కావస్తుంది. ఆ గంటకి ముప్పావుగంట ముందే జడలూ బొట్లూ అయిపోయి పిల్లలు చోటులో ఉండాలి.

నీరెండలో పిల్లల మొహాలు సూర్యుడి వైపు పెట్టొచ్చు, అప్పటికి గుచ్చదు. నాకైతే సూర్యుణ్ణి వాళ్ల వెనక ఉంచడం ఇష్టం. నూనె రాసి దువ్విన జుట్టు అంచున సన్నటి వెలుగు గీత వస్తుంది. అప్పుడు కెమెరా ఏం చేస్తుందంటే, వెనకున్న వెలుగంతా చూసి బెదిరి మొహాల్ని నల్లగా చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగుని పెంచే, తగ్గించే మీట) ఒకటి, ఒకటిన్నర దాకా ప్లస్ వైపు జరపాలి. ఫోనులో అయితే మొహం మీద తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని పైకి జరపడమే. ఆకాశం తెల్లబడుతుంది. పడనివ్వండి, ఆకాశాన్ని చూడటానికి ఎవరూ ఈ ఫోటో తెరవరు. ఒక థర్మోకోల్ షీటో, తెల్ల దుప్పటో ఎవరినైనా ముందు పట్టుకోమంటే వెలుగు తిరిగొచ్చి గడ్డాల కింద నీడ తగ్గుతుంది. మా బావ పంచె పట్టుకుని నిలబడ్డాడు, ఆ దృశ్యాన్ని ఎవరైనా ఫోటో తీసి ఉండాల్సింది.

వీటన్నిటికన్నా నిలకడైన వెలుగు మన ఇళ్లలోనే ఉంది. అరుగు. పైన కప్పు, ముందు తెరిచిన ఆకాశం. ఎండ నేరుగా పడదు, ఆకాశం వెలుగంతా ఒక పెద్ద కిటికీలోంచి వచ్చినట్టు మెత్తగా మొహాల మీద వాలుతుంది. కళ్లలో ఆ వెలుగు చుక్క మెరుస్తుంది. ఫోటోగ్రఫీ పాఠాల్లో ఓపెన్ షేడ్ అని చెప్పేది దీన్నే. అరుగు లేకపోతే వరండా, అపార్టుమెంటు కింద పార్కింగ్ బయటి అంచు, మిద్దెమీద నీళ్ల ట్యాంకు నీడ, ఏదైనా పనికొస్తుంది. నీడ లోపలికి పోకూడదు. అంచుకు ఒక అడుగు లోపల కూచోబెట్టి మొహాలు బయటికి తిప్పాలి, అంతే. వేపచెట్టు నీడ చూడ్డానికి హాయిగా ఉంటుంది కానీ ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు మొహాల మీద పడి చిరుతపులి మచ్చల్లా తేలతాయి. ఒకరి మీద చుక్కలు, ఒకరి మీద లేకపోతే ఇక చెప్పనక్కర్లేదు. దట్టమైన చింతచెట్టు నయం, అయితే ఆకుల పచ్చదనం చర్మం మీద ప్రతిఫలిస్తుంది. మట్టి వాకిలి మాత్రం కింద నుంచి వెచ్చటి రంగు ఇస్తుంది, ఆ బోనస్ ఎవరు వద్దంటారు?

రాఖీ పౌర్ణమి సాధారణంగా ఆగస్టులో వస్తుంది. ముసురు రోజులు. మబ్బు పట్టిందని బెంగ పెట్టుకునే పని లేదు, అంత సమానంగా ఇద్దరి మీదా పడే వెలుగు ఇంకెప్పుడూ దొరకదు. అది పై నుంచి వస్తుంది కాబట్టి గడ్డాలు ఒక్క పిసరు పైకెత్తమనాలి.

ఇక్కడే ఒక మాట. ఒకే కడుపున పుట్టినా ఇద్దరి ఒంటి రంగూ ఒకటే ఉండాలని లేదు. ఒకరు చామనఛాయ, ఒకరు పసుపు పచ్చన అయితే, కెమెరా ఇద్దరికీ సగటు కట్టి ఎవరో ఒకరికి అన్యాయం చేస్తుంది. ముదురు రంగు ఉన్నవాళ్లని వెలుగు వచ్చే వైపు కూచోబెట్టండి, లేతరంగు తెల్లగా పాలిపోకుండా ఎక్స్‌పోజర్ చూసుకోండి. ఫోనులో బ్యూటీ మోడ్ ఆపేయండి. అది మొహాల్ని తెల్లబరుస్తుంది, నునుపు చేస్తుంది. "చెల్లిలా తెల్లగా చెయ్యి మామయ్యా" అని ఒక పిల్ల అడిగేదాకా తేవడం కన్నా ఫోటో తీయకపోవడమే నయం. దిష్టిచుక్కని కూడా ఎడిటింగ్‌లో తుడిచేయకండి, అది పెట్టినవాళ్లు అడుగుతారు.

ఎత్తులు, చేతులు

11 ఏళ్ల పిల్లకీ 5 ఏళ్ల పిల్లవాడికీ నిలబెడితే అడుగు తేడా ఉంటుంది. మామూలుగా మనం నిలబడి తీస్తాం, అప్పుడు చిన్నవాడి నడినెత్తే ఎక్కువ కనిపిస్తుంది. ముందు మీరు కింద కూచోండి. మోకాళ్ల మీద, అవసరమైతే బోర్లా. కెమెరా చిన్నవాడి కంటి ఎత్తుకు రావాలి. తర్వాత వాళ్ల ఎత్తుల సంగతి. అక్క మెట్టు మీద కూచుని, తమ్ముడు ఆమె పక్కన నిలబడితే మొహాలు దగ్గరికొస్తాయి. పూర్తిగా ఒకే ఎత్తులో ఉండక్కర్లేదు, ఒకరి కళ్లు ఇంకొకరి నోటి దగ్గరో గడ్డం దగ్గరో ఉంటే చూడ్డానికి బాగుంటుంది. ముగ్గురుంటే తలలు ముక్కోణంలా రావాలి. నెలల బిడ్డ ఉంటే పెద్ద పిల్లని చాప మీద కూచోబెట్టి ఒళ్లో పెట్టండి, పెద్దవాళ్లెవరో చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఫ్రేముకి అంచున ఉండాలి. బావి గట్టు మీదా పిట్టగోడ మీదా పిల్లల్ని కూచోబెట్టి తీసిన ఫోటోలు చూస్తే నాకు గుండె దడ. రైలు పట్టాలైతే మరీ. ప్రమాదం సరే, రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద పట్టాల మీదికి వెళ్లడం నేరం, ఆరు నెలల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు.

చేతుల దగ్గర ఫోటో బిగుసుకుపోతుంది. నిలబెట్టి ఊరుకుంటే నాలుగు చేతులూ నాలుగు బెండకాయల్లా వేలాడతాయి. ఏదైనా పని ఇవ్వండి. చెరుకుముక్క, గాలిపటం దారం, జడ అల్లడం, చెప్పు బక్కిలు పెట్టడం. పెద్దదాన్ని చిన్నవాడి చొక్కా గుండీ పెట్టమన్నాను ఒకసారి, వాడు గడ్డం పైకెత్తి కళ్లు కిందకి వాల్చి చూశాడు. నేను చెప్పి చేయించగలిగిన భంగిమ కాదది.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. ఇద్దరికీ ఒకే తానులో బట్టలు కుట్టించడం మన సరదా, కాదనను, కానీ ఫోటోలో రెండు ఒళ్లూ ఒకటిగా అతుక్కుపోతాయి. దగ్గరి రంగులు చాలు. నియాన్ పచ్చ, నియాన్ గులాబీ మటుకు వద్దు, గడ్డం కింద ఆ రంగే తేలుతుంది.

ఇద్దరి మూడ్ ఒకేసారి

లెన్సులూ వెలుగులూ నేర్చుకుంటే వచ్చేవే. ఇద్దరు పిల్లలు ఒకే క్షణంలో బాగుండటం మన చేతిలో లేదు. రెప్ప వేయని గ్రూప్ ఫోటో రావాలంటే ఎన్ని తీయాలో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓకి చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ లెక్కగట్టి 2006లో గణితంలో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) అందుకున్నారు. ఇరవైమంది లోపు ఉంటే, వెలుగు బాగున్నప్పుడు, మనుషుల సంఖ్యని మూడుతో భాగించమన్నారు. ఆ లెక్కన ఇద్దరికి ఒక్క ఫోటో కూడా పూర్తిగా అక్కర్లేదు. ఆ లెక్క రెప్పలకే సరిపోతుంది. ఒకడు ముక్కులో వేలు పెట్టుకోవడం, ఇంకొకతె వాణ్ణి గిల్లడం అందులో లేవు. నా అనుభవంలో ఇద్దరు పిల్లలతో ఒక మంచి ఫోటోకి ముప్పై నలభై పోతాయి. బరస్ట్ (నొక్కి ఉంచితే వరసగా తీస్తూ పోయే మోడ్) పెట్టుకోండి, మెమరీ కార్డు చవక.

చెడగొట్టేది ఎక్కువగా పెద్దవాళ్లే. ఫోటో తీసేవాడి వెనక అమ్మ, నాయనమ్మ, పక్కింటావిడ నిలబడి ఒక్కొక్కరూ ఒక్కో వైపు నుంచి "ఇటు చూడు నాన్నా" అంటారు. పెద్దది తూర్పు, చిన్నవాడు పడమర. పిలిచేది ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరూ లెన్సుకి పైనే ఉండాలి. నేను మా అక్కకి ఆ డ్యూటీ ఇచ్చాను. "ఒరేయ్, నీకంటే వీళ్లే నయం, ఇన్ని రూల్సు పెట్టరు" అంది.

"నవ్వండి" అంటే పళ్లు చూపిస్తారు, అది నవ్వు కాదు. ప్రశ్న అడగండి. మీ ఇద్దరిలో ఎక్కువ అల్లరి ఎవరు? వెంటనే ఒకరి వేలు ఇంకొకరి మీదికి పోతుంది. అక్క చెవిలో ఒక రహస్యం చెప్పమంటే చిన్నవాళ్లకు చెప్పడానికేమీ ఉండదు, ఉత్తుత్తి గుసగుసలు పెడతారు, చెవిలో ఊపిరి తగిలి పెద్దవాళ్లకు చక్కిలిగింత. టీనేజ్ పిల్లల దగ్గర ఈ ఆటలు పనిచేయవు. వాళ్లని నడవమనండి, మీ వైపు మాట్లాడుకుంటూ రమ్మనండి, ఆటోఫోకస్‌ని కదిలేవాటిని వెంబడించే మోడ్‌లో పెట్టి తీయండి. అన్నాచెల్లెళ్లు ఆ వయసులో ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేయడానికి ఇబ్బంది పడతారు, బలవంతం చేయొద్దు. మధ్యలో జానెడు ఖాళీ ఉన్నా ఫోటో బాగుంటుంది.

పోట్లాడుకుంటే ఆపేయకుండా నొక్కుతూ ఉండమంటాను. అలిగి వీపులు ఆనించుకుని కూచున్న ఫోటో మా ఇంట్లో అందరికంటే ముందు ఫ్రేము కట్టించుకుంది. పైగా వీపుకు వీపు అంటే ఇద్దరూ కెమెరాకి సమాన దూరం. ఏడుపు వేరు, అక్కడ కెమెరా దించేయాలి. మొత్తం మీద ఇరవై నిమిషాలకు మించి ఏ పిల్లలూ ఓపిక పట్టరు, తిండికి ముందూ నిద్రకి ముందూ అయితే అదీ లేదు. మంచి నవ్వున్న ఒక తలని ఒక ఫోటోలోంచి తీసి ఇంకో దాంట్లో అతికించే సౌకర్యం ఇప్పుడు ఫోనుల్లోనే వచ్చింది. 2023లో పిక్సెల్ 8 ఫోనుతో బెస్ట్ టేక్ పేరుతో గూగుల్ తెచ్చింది. వాడాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను ఒకసారి ఉపయోగించి చూసి తీసేశాను. ఇద్దరూ నవ్వుతున్నారు, కానీ ఒకరిని చూసి ఒకరు కాదు.

అమెరికా ఫోటోగ్రాఫర్ నికొలస్ నిక్సన్ 1975 నుంచి తన భార్యనీ ఆమె ముగ్గురు అక్కచెల్లెళ్లనీ ఏటా ఒక ఫోటో చొప్పున నలభై ఏళ్లకు పైగా తీశాడు. నలుగురూ ప్రతిసారీ అదే వరుసలో నిలబడ్డారు. పెద్ద ఫిల్ము షీట్లు వాడే కెమెరా, ఎక్కువగా ఆరుబయట మామూలు వెలుగు, బలవంతపు నవ్వుల్లేవు. ఎవరు ఎవరి మీద చెయ్యి వేశారు, ఎవరు ఎవరికి దగ్గరగా జరిగారు అన్నదే ఏటేటా మారుతుంది. నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా సులువైన పని లేదు. అదే అరుగు, అదే పండగ, అదే వరుస. నేను ఈ సంక్రాంతి నుంచి మొదలుపెట్టాను. ఎఫ్ 4, సెకనులో 250వ వంతు, ఐఎస్ఓ 800, నాలుగున్నర గంటలప్పుడు. ఇద్దరూ స్పష్టంగా ఉన్నారు.

ఫోటోలు నలుగురికీ పంపే ముందు పిల్లల్ని అడగండి, ఆ వయసుకే వాళ్లకు అభిప్రాయాలుంటాయి. స్కూలు బ్యాడ్జీ, ఇంటి నంబరు కనిపించేవి బయట పెట్టకండి. ఆ తర్వాత ల్యాబ్‌కి వెళ్లి ప్రింటు వేయించండి. ఫోను స్క్రీన్‌కి సొంత వెలుగు ఉంటుంది, కాగితానికి ఉండదు, కాబట్టి ప్రింటు ఎప్పుడూ ఒక మెట్టు ముదురుగా వస్తుంది, బ్రైట్‌నెస్ కొంచెం పెంచి ఇవ్వాలి. ఇంకోటి, ఫోటో ఒకటే అయినా కాపీలు మాత్రం రెండు వేయించండి. నేను ఒకటే తెచ్చాను. ఎవరి పుస్తకంలో పెట్టుకోవాలన్న దాని మీద లాగులాడుకుని తమ్ముడి వైపు మూల చింపారు, వాడు మళ్లీ నా దగ్గరికే వచ్చాడు.